మన దేవుడా, మా దేవుడా?

జపాన్ వీడియో చూసినవాళ్ళకి ఆ రోజు తిరుగుడు గుర్తుండే ఉంటుంది. పొద్దున్నే ఫుషిమి ఇనారి, అక్కణ్ణుంచి తోజీ, మధ్యాహ్నం నారా. క్యోటో స్టేషన్‌ని మధ్యలో పెట్టుకుంటే మూడూ ఒకే రోజులో, ట్యాక్సీ జోలికి పోకుండా, ట్రైన్లలోనే అయిపోతాయి. వీడియోలో పెట్టని సంగతి ఒకటుంది. తోజీ మందిరాల లోపల ఫొటోలు తీయనివ్వరు, అదొక కారణం. ఇంకో కారణం, నాలుగు బొమ్మలు చూపించి పన్నెండు నిమిషాల్లో చెబితే సగం మందికి గర్వం, సగం మందికి కోపం వచ్చి అక్కడితో ఆగిపోయే విషయం అది. ఆ రెండూ కాకుండా ఇంకేమైనా ఉందా అని నాకు అనుమానం. అందుకే తీరిగ్గా రాస్తున్నా.

"జపాన్‌లో మన దేవుళ్ళు" అనే ఫార్వర్డ్ మీ ఫ్యామిలీ గ్రూప్‌లో కనీసం రెండుసార్లు వచ్చే ఉంటుంది. సరస్వతి అక్కడ బెంజైతెన్, చేతిలో వీణకి బదులు బివా అనే వాయిద్యం. కుబేరుడు బిషామోంతెన్, కవచం తొడుక్కున్న యోధుడు. యముడు ఎన్మా. మహాకాళుడు దైకొకుతెన్ అయ్యి, ఉగ్రరూపం వదిలేసి, బియ్యం బస్తాల మీద నిలబడి నవ్వుతూ ఉంటాడు. ఈ చివరిది ఎలా జరిగిందో వింటే సరదాగా ఉంటుంది. "మహాకాళ"ని చైనా లిపిలో రాస్తే దైకొకు అని పలుకుతుంది. జపాన్ సొంత దేవుడు ఓకునినుషి పేరులోని అక్షరాలని ఇంకో రకంగా చదివితే అదీ దైకొకు అనే వస్తుంది. పలుకు కలిసింది, దేవుళ్ళిద్దరూ కలిసిపోయారు. పంట, వంటిల్లు, డబ్బు చూసుకునే దేవుడిగా ఆయన స్థిరపడ్డాడు.

ఫార్వర్డ్‌లో ఉన్నవన్నీ నిజాలే కాబట్టి దాన్ని ఫేక్ అని కొట్టిపారేయలేం. నా ఇబ్బంది అందులోని ఒక్క చిన్న మాటతో. "మన".

తెలుగులో మనకున్న ఒక సౌకర్యం ఇంగ్లీషుకి లేదు. "మనం" అంటే వింటున్న నువ్వు కూడా ఉన్నావు. "మేము" అంటే నువ్వు లేవు. పెళ్ళయిన కొత్తలో అత్తగారు "మా ఇంట్లో ఇలా చేస్తాం" అంటే కోడలికి ఎక్కడ గుచ్చుకుంటుందో, "మన ఇంట్లో" అంటే ఎంత తేడా వస్తుందో ఎవరూ వివరించక్కర్లేదు. మరి "జపాన్‌లో మన దేవుళ్ళు" అన్నప్పుడు ఆ "మన"లో ఎవరున్నారు? హైదరాబాద్‌లో కూర్చుని చదువుతున్న మీరున్నారు, రాస్తున్న నేనున్నా. ఆ విగ్రహానికి రోజూ పొద్దున్నే నీళ్ళు, పూలు పెట్టే జపాన్ మనిషి మాత్రం లేడు. అంటే మనం రాసింది "మన" అయినా, చెప్పింది "మా".

ఈ మాట పట్టుకునే ఆ రోజు మూడు చోట్లా తిరిగా.

క్యోటో నుంచి జేఆర్ నారా లైన్లో రెండో స్టేషన్ ఇనారి. అయిదు నిమిషాలు కూడా పట్టదు. లోకల్ ట్రైనే ఎక్కాలి, ర్యాపిడ్ ఆగదు. స్టేషన్ బయటికి అడుగు పెడితే ఎదురుగానే పెద్ద ఎర్ర తోరీ. మన తోరణానికీ తోరీకీ సంబంధం ఉందా అని పండితులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు, దాన్ని వాళ్ళకే వదిలేద్దాం. ఇనారి ధాన్యపు దేవత. 711లో ఇక్కడ కొలువైనట్టు చెప్పుకుంటారు. వాకిట్లో నక్కలు కాపలా. ఒక నక్క నోట్లో ధాన్యపు కొట్టు తాళంచెవి, ఇంకోదాని నోట్లో వరి కంకి. 233 మీటర్ల కొండ చుట్టూ దాదాపు 10,000 తోరీలు ఒకదాని వెనక ఒకటి, సొరంగంలా.

ఎక్కేటప్పుడు ఎరుపు తప్ప ఏమీ కనపడదు. దిగేటప్పుడు వెనక్కి తిరిగితే ప్రతి స్తంభం మీదా నల్లటి అక్షరాలు. ఒక పక్క దాత పేరు లేదా కంపెనీ పేరు, ఇంకో పక్క తారీఖు. వ్యాపారం బాగుండాలని ఒకరు, బాగుందని ఇంకొకరు. నాకైతే నవ్వొచ్చింది. మా ఊరి గుళ్ళో ఫ్యాను రెక్కల మీద దాత పేరు ఉంటుంది, ఫ్యాను తిరుగుతున్నంతసేపూ కనపడదు, కరెంటు పోతేనే చదవగలం. అదే మనిషి, అదే కోరిక. గుడి ముందున్న పెద్ద ద్వారం 1589లో హిదెయోషి అనే పాలకుడు కట్టించింది. తల్లికి జబ్బు చేస్తే నయం కావాలని మొక్కుకున్నాడట. "మొక్కు" అన్న మాటకి ఇంతకంటే పెద్ద అర్థం తెలుగులో కూడా ఏముంది?

దేవుడు పరాయివాడైన చోట కూడా మొక్కు పరాయిది అనిపించలేదు. అక్కడ రెండుసార్లు వంగి, రెండుసార్లు చప్పట్లు కొట్టి, మళ్ళీ ఒకసారి వంగడం పద్ధతి. ముందున్నవాళ్ళని చూసి నేనూ అలాగే చేశా. ఏమీ కోరుకోలేదు. ఎవరింటికైనా వెళితే ఇంట్లో పెద్దవాళ్ళకి దణ్ణం పెడతాం కదా, వాళ్ళు మనకి తాతయ్యో కాదో చూసుకోం. అలా.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, లేకపోతే తర్వాతది అర్థం కాదు. ఇనారి షింతో దేవత, తోజీ బౌద్ధాలయం. రెండు వేరు వేరు సంప్రదాయాలు. అయినా ఒక కథ ఉంది. తోజీని నిలబెట్టిన గురువు కూకాయ్ దగ్గరికి వరి పనలు మోసుకుంటూ ఒక ముసలాయన వచ్చాడట, ఆయనే ఇనారి అట, తోజీకి రక్షకుడిగా ఉంటానని మాటిచ్చాడట. కథ సంగతి ఎలా ఉన్నా, ఇప్పటికీ వసంతంలో జరిగే ఇనారి ఉత్సవంలో పల్లకీలు తిరిగి వెళ్తూ తోజీ గుమ్మం దగ్గర ఆగుతాయి. బౌద్ధ భిక్షువులు బయటికొచ్చి, నైవేద్యం పెట్టి, మంత్రాలు చదివి సాగనంపుతారు. ఈ దేవత మాదే అని భిక్షువులు అనరు. మాది కాదు కాబట్టి తలుపు వేసుకుంటాం అనీ అనరు. ఊరేగింపు వచ్చే వేళకి నైవేద్యం సిద్ధంగా పెట్టుకుంటారు.

మళ్ళీ క్యోటో స్టేషన్‌కి వచ్చి, కింతెత్సు లైన్ ఎక్కితే మొదటి స్టేషన్ తోజీ. అయిదంతస్తుల గోపురం ట్రైన్లోంచే కనపడుతుంది. దాదాపు 55 మీటర్లు, అంతా చెక్కే. ఇప్పుడున్నది 1644లో కట్టింది, అంతకుముందువి కాలిపోయాయి. దాని పక్కనే ఉన్న కోదో, అంటే ఉపన్యాస మందిరం, నేను ఆ రోజు వెళ్ళిన అసలు చోటు. 823లో చక్రవర్తి ఈ ఆలయాన్ని కూకాయ్‌కి అప్పగించాడు. కూకాయ్ 804లో చైనా వెళ్ళి, అక్కడ మంత్రయాన బౌద్ధం నేర్చుకుని, భారతదేశం నుంచి వచ్చిన ప్రజ్ఞుడనే భిక్షువు దగ్గర సంస్కృతం చదువుకుని 806లో తిరిగొచ్చాడు. మాటలతో చెప్పలేనిది బొమ్మలతో చెప్పాలని 21 విగ్రహాలతో ఒక మండలాన్ని ఊహించాడు. ఆయన పోయాక 839లో విగ్రహాలకి కళ్ళు తెరిపించారు.

చీకటి గది. ఒక చివర బోంతెన్. నాలుగు ముఖాలు, నాలుగు చేతులు, పద్మం, పద్మం కింద నాలుగు హంసలు. పేరు చదవక్కర్లేదు, చిన్నప్పుడు పురాణాల బొమ్మల పుస్తకం చూసిన ఎవరైనా గుర్తుపడతారు. బ్రహ్మ. ఇంకో చివర ఏనుగు మీద, చేతిలో వజ్రాయుధంతో తైషాకుతెన్. ఇంద్రుడు. (జపాన్ విగ్రహాలన్నిట్లోకీ అందగాడు ఈయనేనని అక్కడ పేరు. మన పురాణాల్లో ఇంద్రుడు వింటే చాలా సంతోషించేవాడు.) బ్రహ్మకి గుళ్ళు తక్కువని మనం చెప్పుకుంటాం. ఇక్కడ దాదాపు పన్నెండొందల ఏళ్ళుగా ఆయన ముందు ధూపం వెలుగుతోంది.

నా పక్కన ఒకావిడ, మా అమ్మమ్మ వయసు ఉంటుంది, బోంతెన్ ముందు చేతులు జోడించి నిలబడింది. జోడించిన తీరు అచ్చం మనదే. పెదాలు కదులుతున్నాయి. ఆవిడ దగ్గరికి వెళ్ళి "అమ్మా, ఈయన మా దేవుడు" అనగలనా? భాష వచ్చినా అనలేను. అంటే అదెంత అసహ్యంగా ఉంటుందో అక్కడ నిలబడితే తెలుస్తుంది. కానీ "ఈయన మన దేవుడు" అనగలను. ఆవిడని కూడా కలుపుకుని, నిజమైన "మన"తో. ఆవిడ నవ్వేదేమో కూడా. గ్రూప్‌లో పెట్టే వాక్యాన్ని ఆ మనిషి ముఖం మీద చెప్పగలమా అన్నది మంచి పరీక్ష. నేను చేసే వీడియోల టైటిళ్ళకి కూడా ఇప్పుడు అదే పెడుతున్నా.

ఇంతవరకూ హాయిగానే ఉంది. ఇక్కడ ఆపేస్తే ఇది మంచి వీడియో అయ్యేది.

ఆ మందిరంలోనే పక్కన అయిదుగురు ఉగ్రమూర్తులు ఉంటారు. వాళ్ళలో ఒకరు గోజాన్జె మ్యోవో, సంస్కృతంలో త్రైలోక్యవిజయుడు. చాలా ముఖాలు, ఎనిమిది చేతులు, వెనక మంటలు. కిందకి చూస్తే ఆయన ఒక కాలి కింద ఒక పురుషుడు, ఇంకో కాలి కింద ఒక స్త్రీ. పురుషుడి పేరు దైజిజైతెన్, మహేశ్వరుడు. స్త్రీ పేరు జపనీస్‌లో కూడా మారలేదు. ఉమ.

ఈ సంగతి ఎక్కడో చదివి వెళ్ళాను కాబట్టి ఆశ్చర్యం లేదు. కానీ చదవడం వేరు, ఎదురుగా నిలబడటం వేరు. మా ఇంట్లో సోమవారం అభిషేకం. నాకు మాటలు రాక ముందే శివుడి పేరు వచ్చిందని అమ్మ చెబుతుంది. ఆ చీకట్లో నా ఒళ్ళు బిగుసుకుంది. బ్రహ్మ దగ్గర తేలిగ్గా వచ్చిన దణ్ణం ఇక్కడ రాలేదు. బలవంతంగా రప్పించుకోవాలని కూడా అనిపించలేదు.

ఆ విగ్రహం వెనక కథ ఇది. మూడు లోకాలకీ అధిపతిని నేనే, ఎవరి శరణూ వేడను అంటాడు మహేశ్వరుడు. వజ్రపాణి ఆయన్నీ ఉమనీ కాళ్ళ కింద తొక్కుతాడు. చివరికి ఆ పాదస్పర్శతోనే మహేశ్వరుడు బుద్ధత్వం పొందుతాడు. ఇది జపాన్‌లో పుట్టిన కథ కాదు. మన దేశంలోనే, సంస్కృతంలోనే, బౌద్ధ తాంత్రికులు రాసుకున్నది. శైవులకీ బౌద్ధులకీ రాజాస్థానాల్లో, మఠాల్లో పోటీ నడిచిన కాలంలోది. అది చైనా వెళ్ళింది, అక్కణ్ణుంచి కూకాయ్ మోసుకొచ్చిన గ్రంథాల్లో క్యోటో చేరింది. మనం బయటికి పంపినవి దేవుళ్ళని మాత్రమే కాదు, మన తగాదాలని కూడా. "మన" అని బ్రహ్మని లెక్కలో వేసుకుంటే, ఈ కాలు కూడా "మన" లెక్కలోకే వస్తుంది.

కోపం తెచ్చుకునే ముందు ఇంకొకటి కూడా చూడాలి. మనం బుద్ధుణ్ణి ఏం చేశాం? దశావతారాల్లో చేర్చుకున్నాం. క్యాలెండర్ మీద గౌరవంగానే కనపడుతుంది. కానీ పురాణాల్లో ఆ అవతారం దేనికి? అసురుల్ని మోహపెట్టి, వేదమార్గం నుంచి తప్పించడానికి. అంటే ఆయన జీవితమంతా చెప్పిన ధర్మం, మన కథలో ఒక ఎత్తుగడ. ఒక థాయ్ భిక్షువో శ్రీలంక భిక్షువో మన గుడికొచ్చి ఆ అవతారం బొమ్మ ముందు నిలబడి, కథ విని, ఒళ్ళు బిగుసుకుంటే మనం ఏమంటాం? "లేదండీ, మేం ఆయన్ని గౌరవిస్తున్నాం" అంటాం. అది నిజమే కూడా. గోజాన్జె ముందు ధూపం వెలిగించే భిక్షువు కూడా అదే అంటాడు, మహేశ్వరుడు చివరికి బుద్ధుడయ్యాడు కదా అని. ఎవరి కథలో వాళ్ళ దేవుడు నిలబడతాడు, పక్కవాడి దేవుడు వంగుతాడు.

రాత్రి అమ్మకి ఫోన్ చేశా.

"గుళ్ళో దణ్ణం పెట్టుకున్నావా నాన్నా?"

"బ్రహ్మ దగ్గర పెట్టుకున్నానమ్మా. శివుడు ఇంకొకాయన కాలి కింద ఉన్నాడు. అక్కడ పెట్టలేకపోయా."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "కాళికమ్మ కాళ్ళ కింద పడుకున్నదీ ఆయనే కదరా. ఆయనకి అదేం కొత్త?" అంది.

పండితులు ఒప్పుకోరు. కాళి కథలో శివుడు తనంతట తాను పడుకుంటాడు, ఇక్కడ ఓడిపోయి పడతాడు, రెండూ ఒకటి కాదు. నేనూ ఆ మాటే అన్నా. "ఏమో, నాకు తెలిసిన శివుడు శ్మశానంలో ఉంటాడు, విషం తాగుతాడు, ఎవరు తిట్టినా ఊరుకుంటాడు" అంది. ఆవిడకి తన దేవుడి పరువు గురించి బెంగ లేదు. బెంగంతా నాకే. ఆ బెంగ భక్తి వల్లా, నా టీమ్ ఓడిపోయిందనే బాధ వల్లా? నిజాయితీగా చెప్పాలంటే రెండూ కలిసే ఉన్నాయి, విడదీయడం నా వల్ల కాలేదు.

తోజీ నుంచి నారా వెళ్ళే ట్రైన్లో కూర్చుని 1868 గురించి చదువుకున్నా. ఆ ఏడు మేజీ ప్రభుత్వం ఒక ఉత్తర్వు ఇచ్చింది, షింతోనీ బౌద్ధాన్నీ విడదీయాలని. వెయ్యేళ్ళుగా ఒకే ప్రాంగణంలో కలిసి ఉన్న దేవుళ్ళని "మనవాళ్ళు", "బయటివాళ్ళు" అని ఏరడం మొదలైంది. క్యోటోలో గియోన్ ఆలయం చాలా పేరున్నది. గియోన్ అనే పేరు బుద్ధుడు ఉన్న జేతవనం పేరు నుంచే వచ్చింది. అక్కడి దేవుడు గోజు తెన్నో, జేతవనానికి కాపలా దేవుడని నమ్మకం. ఉత్తర్వు తర్వాత ఆలయం పేరు యసాకాగా మారింది, దేవుడు జపాన్ సొంత దేవుడు సుసానోవో అయ్యాడు. బెంజైతెన్ పేరు మీద ఉన్న ఎన్నో మందిరాల్లో ఆవిడని తప్పించి జపాన్ దేవత పేరు పెట్టారు. దేశమంతటా విగ్రహాలు పగిలాయి, గ్రంథాలు కాలాయి.

ఇప్పుడు ఆలోచించండి. "సరస్వతి మా దేవత" అని మనం గట్టిగా అంటే, దాని వెనకే వచ్చే వాక్యం ఏంటి? "కాబట్టి జపాన్‌లో ఆవిడ పరాయిది." ఆ రోజు అధికారులు అన్నదీ సరిగ్గా అదే. మనం గర్వంగా, వాళ్ళు చిరాగ్గా, కానీ ఒకే వాదన. ఆవిడ పన్నెండొందల ఏళ్ళుగా అక్కడ చెరువుల మధ్య, దీవుల మీద, సంగీతం నేర్చుకునేవాళ్ళ ఇళ్ళల్లో ఉంది. ఆవిడని ఆ ఇంటి నుంచి వెళ్ళగొట్టడానికి మన గర్వం ఒక సాక్ష్యంగా పనికొస్తుందంటే, ఆ గర్వం ఆవిడ పక్షాన లేనట్టే.

మా ఫీల్డ్‌లో ఉన్నవాళ్ళకి ఒక పోలిక తడుతుంది. ఓపెన్ సోర్స్ కోడ్‌ని ఒకరు తీసుకుని, ఫోర్క్ చేసి, ఏళ్ళ తరబడి బగ్స్ సరిచేస్తూ నడుపుతుంటే, మొదటి వెర్షన్ రాసినవాడి మనవడు వెళ్ళి "ఇది మాది" అంటే నవ్వుతారు. పోలిక కొంతవరకే పనికొస్తుంది. కోడ్‌కి ఎవరు దణ్ణం పెట్టినా పట్టదు, సరస్వతికి పడుతుంది అని నేను నమ్ముతా. అందుకే ప్రశ్న లైసెన్స్ దగ్గర తేలిపోదు.

మన సంప్రదాయంలోనే దీనికి ఒక మాట ఉంది. హోమంలో ఆహుతి వేసిన ప్రతిసారీ యజమాని చేత పురోహితుడు చెప్పిస్తాడు: ఇది ఫలానా దేవతది, ఇక నాది కాదు. గృహప్రవేశంలోనో ఉపనయనంలోనో మీరూ అనే ఉంటారు, పొగకి కళ్ళు నులుముకుంటూ. నెయ్యి నాది, కట్టె నాది, డబ్బు నాది, అగ్నిలో పడ్డాక ఏదీ నాది కాదు. తోజీ సంప్రదాయంలోని ఆలయాల్లో ఆ హోమమే గోమా అనే పేరుతో ఇప్పటికీ చేస్తారు. మనం చేసేది నాది కాదు అంటూ ఇచ్చేయడం. మరి అగ్నిలో వేసిన నెయ్యినే నాది అనకూడదంటే, దేవుణ్ణే నాది అని రాయించుకోవడం ఏ లెక్క?

దీనికి ఎదురు వాదన నాకు తెలుసు. "పుట్టినచోటు చెప్పుకోవడం కూడా తప్పా?" తప్పు కాదు. చెప్పాల్సిందే, చరిత్ర కాబట్టి. పేటెంట్లా చెప్పడమే ఇబ్బంది. పైగా చెప్పుకుంటే బాధ్యత కూడా మీద పడుతుంది. తోజీ అనుసరించే షింగోన్ సంప్రదాయంలో ఎనిమిది మంది మూలగురువుల్లో నాగార్జునుడు ఒకడు. ఆయన పేరు కృష్ణ ఒడ్డున ఉన్న కొండకి ఉంది, గుంటూరు దగ్గర యూనివర్సిటీకి ఉంది. తెలుగువాడిగా ఇక్కడ "మనవాడు" అనాలని నోరు ఊరుతుంది. కానీ నా బ్యాచ్‌లో ఎవర్నైనా అడగండి, నాగార్జున అంటే డ్యామ్, లేదంటే హీరో. ఆయన ఏం చెప్పాడో ఒక్క వాక్యం రాదు. నాగార్జునకొండ లోయ ప్రాజెక్టు నీళ్ళలో మునిగింది, తవ్వి తీసినవాటిలో కొన్నిటిని మాత్రం పైన ద్వీపం మీదికి చేర్చి మళ్ళీ కట్టారు. డ్యామ్ వద్దని నేను అనను, ఆ నీళ్ళతో పండిన అన్నం తిన్నవాణ్ణే. కానీ ఆయన్ని చదువుతున్నవాళ్ళ ఊరెళ్ళి "మావాడు" అనేముందు మనం కనీసం ఒక పుస్తకం తెరిచి ఉండాలి.

నారా దగ్గర పడుతుంటే ట్రైన్ పాత రాజధాని హెయిజో రాజభవనం ఉన్న మైదానం మధ్యలోంచి వెళుతుంది. కిటికీలోంచి మళ్ళీ కట్టిన ఎర్రటి ద్వారం కనపడుతుంది. స్టేషన్ దిగి ఇరవై నిమిషాలు నడిస్తే తోదైజీ. దారంతా జింకలు. పక్కనున్న కసుగా ఆలయ దేవుడు తెల్ల జింక మీద వచ్చాడని నమ్మకం, అందుకని వాటిని ఎవరూ ఏమీ అనరు. బిస్కెట్ చూపిస్తే తల వంచి నమస్కారం పెడతాయి. ఇవ్వకపోతే చొక్కా పట్టుకు లాగుతాయి. నా పరీక్షల ముందు భక్తి గుర్తొచ్చింది.

తోదైజీలో కూర్చున్నది వైరోచన బుద్ధుడు, దాదాపు 15 మీటర్ల కంచు విగ్రహం. ఆయన్ని ఉంచిన చెక్క మందిరం 1709 నాటిది, 57 మీటర్ల వెడల్పు, ముందు ఉన్నది ఇంకా పెద్దదట. లోపల ఒక స్తంభానికి అడుగున రంధ్రం ఉంటుంది, విగ్రహం ముక్కురంధ్రం అంత అని చెబుతారు. అందులోంచి దూరితే మోక్షం అని పిల్లలు వరసలో నిలబడతారు. మన ఊళ్ళల్లో కూడా ఇలాంటి ఇరుకు సందుల మోక్షాలు బోలెడు.

752లో ఈ విగ్రహానికి నేత్రోన్మీలనం జరిగింది. మన గుళ్ళల్లో ప్రతిష్ఠ అప్పుడు చేస్తామే, అదే. కళ్ళు గీసినవాడు బోధిసేనుడు, భారతదేశం నుంచి చైనా వెళ్ళి, అక్కడికి వచ్చిన జపాన్ రాయబారులు పిలిస్తే 736లో ఈ దేశానికి వచ్చిన భిక్షువు. తిరిగి వెళ్ళలేదు, 760లో ఇక్కడే పోయాడు. ఫార్వర్డ్‌లలో ఈయన పేరు ఇంకా ఎక్కువగా రాలేదు, వస్తుంది. "జపాన్ బుద్ధుడికి కళ్ళు తెరిపించింది మనవాడే" అని. ఆ టైటిల్ నాకూ తట్టింది, అబద్ధమాడను.

అయితే ఆ రోజు జరిగిన పద్ధతి వేరేగా ఉంది. బోధిసేనుడు పట్టుకున్న కుంచెకి పొడుగాటి తాళ్ళు కట్టారు. ఆ తాళ్ళని కింద ఉన్నవాళ్ళంతా పట్టుకున్నారు, పదవి వదిలేసిన చక్రవర్తి షోముతో సహా. పైన ఒక చెయ్యి కన్ను గీస్తుంటే, ఆ కదలిక తాడు వెంట కిందున్న ప్రతి చేతికీ తెలిసి ఉంటుంది. తర్వాత 1180లో యుద్ధంలో మందిరం కాలి విగ్రహం పాడైంది. బాగుచేసి 1185లో మళ్ళీ కళ్ళు తెరిపించినప్పుడు ఆ పాత కుంచెనే బయటికి తీశారు. ఆ కుంచె, నీలిరంగు తాడు ఇప్పటికీ తోదైజీ వెనకున్న షోసోయిన్ భాండాగారంలో భద్రంగా ఉన్నాయి. అందులోని వస్తువుల్లో కొన్నిటిని ప్రతి శరదృతువులో నారా నేషనల్ మ్యూజియంలో ప్రదర్శనకి పెడతారు, ఏ ఏడు ఏవి పెడుతున్నారో ముందే ప్రకటిస్తారు. తాడు వంతు వచ్చిన ఏడు అమ్మని తీసుకెళ్ళాలని ఉంది. వెళ్ళేవాళ్ళకి ఒక మాట, తోజీ లోపలికి సాయంత్రం నాలుగున్నర దాటితే రానివ్వరు, కాబట్టి నారా కంటే ముందు అదే చూసుకోండి.